ఒక కౌంటీ, 39 నగరాలు, నిలువ నీడ లేనివారు

అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ జనం ఉన్నది కింగ్ కౌంటీలో. సియాటిల్‌తో కలిపి ఈ ఒక్క కౌంటీలోనే 39 నగరాలున్నాయి. 2020 జనగణనలో కౌంటీ జనాభా 22.7 లక్షలు. అందులో సియాటిల్‌ది 7.37 లక్షలు, అంటే మూడో వంతు. మిగతా వాళ్లు బెల్‌వ్యూ, రెడ్మండ్, కర్క్‌లాండ్, రెంటన్, కెంట్, షోర్‌లైన్, బోథెల్ వంటి ఊళ్లలోనూ, ఏ నగరంలోనూ కలవని ప్రాంతాల్లోనూ ఉంటారు. ప్రతి నగరానికీ సొంత కౌన్సిల్, సొంత పన్నులు, ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే సొంత నిబంధనలు ఉన్నాయి. ఊరి పొలిమేర మాత్రం కంటికి కనిపించదు. రోడ్డుకు ఇవతల ఒక నగరం, అవతల మరొకటి.

ఇల్లు లేని మనిషికి ఈ పొలిమేరలతో పని లేదు. రాత్రి ఒక నగరంలో కారులో పడుకుని, పొద్దున పక్క నగరం చర్చిలో పెట్టే తిండి తిని, మూడో నగరంలోని ఆసుపత్రికి బస్సెక్కి వెళ్లేవాళ్లు అక్కడ ఎందరో. ఆ తిండికి, మంచానికి, మందుకు అయ్యే ఖర్చు మాత్రం పొలిమేరల్ని బట్టే నడుస్తుంది. ఎవరి పన్ను ఎక్కడ ఖర్చవ్వాలి, షెల్టర్ ఎవరి వీధిలో కట్టాలి, దాన్ని నడిపే సంస్థకు చెక్కు ఎవరు రాయాలి? కింగ్ కౌంటీలోని నగరాలు ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నలకు కలిసి జవాబు వెతుకుతున్నాయి. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. అమెరికాలో చాలా మహానగర ప్రాంతాల అనుభవం ఇదే.

సమస్య ఎంత పెద్దదో చెప్పేవి ఒక్క రాత్రి పరిస్థితిని చూపే లెక్కలు. 2020లో ఆ ఒక్క రాత్రి లెక్కకు వచ్చినవాళ్లు 11,751 మంది. 2022లో 13,368. 2024లో ఆ సంఖ్య 16 వేలు దాటింది. మధ్యలో లెక్కించే పద్ధతి మారింది. మొదట స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామున వీధులు తిరిగి లెక్కపెట్టేవారు, తర్వాత నమూనా సర్వేతో అంచనా వేస్తున్నారు. అందువల్ల పాత, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. పెరుగుదలను మాత్రం ఎవరూ కాదనరు.

కారణం అడిగితే మత్తుమందు అనో, మానసిక రోగం అనో చాలామంది చెబుతారు. అవి ఉన్నాయి. కానీ అవి ఇళ్లు చౌకగా దొరికే నగరాల్లోనూ అంతే ఉన్నాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ పేజ్ ఆల్డర్న్ కలిసి 2022లో వెలువరించిన పుస్తకం అమెరికాలోని పలు నగర ప్రాంతాలను పోల్చి చూసింది. ఇల్లు లేనివారి సంఖ్య ఒక ఊళ్లో ఎక్కువ, మరో ఊళ్లో తక్కువ ఎందుకంటే ప్రధానంగా అద్దెల వల్ల, ఖాళీ ఇళ్ల కొరత వల్ల అని తేల్చింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ కంపెనీలతో పాటు లక్షల జీతాలు ఈ ప్రాంతానికి వచ్చాయి. ఆ వేగంతో ఇళ్లు రాలేదు. పెరిగిన అద్దె కట్టలేని వాళ్లలో అందరికంటే బలహీనులు ముందుగా వీధిన పడ్డారు.

డబ్బు వచ్చే దారులు

ఈ పనికి డబ్బు మూడు అంచెల నుంచి వస్తుంది. పై అంచె వాషింగ్టన్ డీసీలోని కేంద్ర ప్రభుత్వం. 1987లో వచ్చిన మెకిన్నీ చట్టం ఇల్లు లేనివారి కోసం కేంద్ర నిధులకు దారి వేసింది. 1990ల నడుమ నుంచి కేంద్ర గృహనిర్మాణ శాఖ ఒక షరతు పెట్టింది: ఒక ప్రాంతంలోని నగరాలు, సంస్థలు విడివిడిగా కాక, అందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవాలి. అలా కలిసిన కూటమిని కంటిన్యువమ్ ఆఫ్ కేర్ అంటారు. సియాటిల్, కింగ్ కౌంటీ మొత్తం కలిసి అలాంటి ఒకే కూటమి. పొరుగు నగరాలు ఈ విషయంలో ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి మొదటి కారణం ఈ షరతే. ఇందులో వచ్చే డబ్బులో ఎక్కువ భాగం, ఇదివరకే ఇళ్లలో కుదురుకున్న వాళ్ల అద్దెలకు ఏటేటా సాయం చేయడానికే సరిపోతుంది.

రెండో అంచె రాష్ట్రం. 2005లో వాషింగ్టన్ శాసనసభ ఒక చట్టం చేసి, ఆస్తి పత్రాలు రిజిస్టరు చేసేటప్పుడు కట్టే రుసుము మీద అదనపు మొత్తం వేసింది. ఆ సొమ్ము ఇల్లు లేనివారి సేవలకు వెళ్తుంది. ఇళ్ల క్రయవిక్రయాలు జోరుగా సాగే కాలంలో ఇది మంచి రాబడి. 2022 తర్వాత వడ్డీ రేట్లు పెరిగి, ఇళ్లు చేతులు మారడం తగ్గి, పాత రుణాలను కొత్త వడ్డీకి మార్చుకోవడం ఆగిపోయేసరికి రుసుము రాబడి పడిపోయింది. శాసనసభ ఖజానా నుంచి డబ్బు తీసి ఆ లోటు పూడ్చాల్సి వచ్చింది. సామాన్యుడికి ఇల్లు మరింత అందకుండా పోయిన కాలంలోనే ఇల్లు లేనివాడికి డబ్బు తగ్గడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం.

మూడో అంచె కౌంటీ, నగరాలు. ఇక్కడ చేతులు కట్టేసే నియమాలు చాలా ఉన్నాయి. వాషింగ్టన్‌లో సామాన్యుల జీతాల మీద ఆదాయపు పన్ను లేదు. ఆస్తి పన్ను రాబడిని ఓటర్లను అడగకుండా ఏటా ఒక శాతానికి మించి పెంచుకునే వీలు లేదు, కొత్త కట్టడాల మీద వచ్చేది మాత్రం మినహాయింపు. ధరలు, జీతాలు ఒక శాతం దగ్గర ఆగవు కదా. అందుకే నగరాలు అమ్మకపు పన్ను వైపు చూస్తాయి. సియాటిల్‌లో అది ఇప్పటికే పది శాతం దాటింది. సంపాదనలో ఎక్కువ భాగం సరుకులకే ఖర్చయ్యే పేదవాడి మీద ఈ పన్ను భారం ధనికుడి మీదకంటే ఎక్కువ. పేదల ఇంటి కోసం పేదల నుంచే ఎక్కువ వాటా వసూలు చేయడం ఈ రాష్ట్రంలోని ప్రగతిశీలురను ఎప్పుడూ బాధిస్తూనే ఉంది.

నగరాల నడుమ పోటీ పన్నుల చేతిని ఎలా పట్టుకుంటుందో 2018లో కనిపించింది. ఆ ఏడాది మే నెలలో సియాటిల్ కౌన్సిల్ పెద్ద కంపెనీల మీద ఒక్కో ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల పన్ను వేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ డబ్బు ఇళ్లకు, ఇల్లు లేనివారికి అని ప్రకటించింది. కంపెనీలు ఎదురు తిరిగాయి. దాన్ని రద్దు చేయించడానికి సంతకాల సేకరణ మొదలైంది. నెల తిరక్కముందే అదే కౌన్సిల్ ఆ పన్నును వెనక్కి తీసుకుంది. లేక్ వాషింగ్టన్ సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్న బెల్‌వ్యూలో అలాంటి పన్ను లేదు, అమెజాన్ అక్కడ కొత్త భవనాలు కట్టుకుంటూ పోయింది. 2020 జులైలో సియాటిల్ మరో రూపంలో ప్రయత్నించి నెగ్గింది. జీతాల పద్దు 70 లక్షల డాలర్లు దాటిన కంపెనీలు, ఏడాదికి లక్షన్నర డాలర్లకు పైబడిన జీతాల మీద పన్ను కట్టాలి. జంప్‌స్టార్ట్ అని పేరు పెట్టిన ఈ పన్నులో ఎక్కువ వాటా చౌక ఇళ్లకు ఖర్చు చేయాలని మొదటి ప్రణాళిక. తర్వాతి ఏళ్లలో నగర బడ్జెట్ లోటు పూడ్చడానికి కూడా ఇందులోంచి తీశారు. 2023 నవంబరులో సియాటిల్ ఓటర్లు ఏడేళ్లకు 97 కోట్ల డాలర్ల గృహనిర్మాణ పన్నుకు ఆమోదం తెలిపారు. ఓటర్లకు మనసు లేదనే మాట నిజం కాదు. ఒక నగరం ఓటర్ల మనసు పక్క నగరానికి చేరే దారి లేకపోవడమే చిక్కు.

రాష్ట్రం ఇచ్చిన మరో వెసులుబాటు ఈ చిక్కును మరింత స్పష్టంగా చూపించింది. 2020లో శాసనసభ, చౌక ఇళ్ల కోసం 0.1 శాతం అమ్మకపు పన్ను వేసుకునే అధికారాన్ని ఓటింగు అవసరం లేకుండా కౌంటీలకు, నగరాలకు ఇచ్చింది. కింగ్ కౌంటీ వెంటనే దీన్ని వేయడానికి సిద్ధమైంది. హోటళ్లు కొని, దీర్ఘకాలంగా వీధుల్లో ఉన్నవారికి ఇళ్లుగా మార్చాలని ఆలోచన. నగరం ముందుగా సొంతంగా ఈ పన్ను వేసుకుంటే ఆ నగరంలో కౌంటీకి వసూలు చేసుకునే వీలుండదు. బెల్‌వ్యూ, రెంటన్, కెంట్, ఇసక్వా సహా కొన్ని నగరాలు కౌంటీ కంటే ముందే తీర్మానాలు చేసి డబ్బు తమ దగ్గరే ఉంచుకున్నాయి. తమ ఊరి డబ్బు తమ ఊరి అవసరానికే ఖర్చు చేస్తామన్నది వాటి వాదన. అది అన్యాయమైన వాదన కాదు. దాని ఫలితంగా కౌంటీ అంతటికీ పనికొచ్చే ఉమ్మడి నిధి మాత్రం ఆ మేరకు చిక్కిపోయింది.

అందరి సంస్థ, ఎవరిదీ కాని ఖజానా

2005లో కౌంటీ, నగరాలు, చర్చిలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి పదేళ్ల ప్రణాళిక ఒకటి వేశాయి. పదేళ్లలో అందరికీ తలమీద కప్పు ఉండాలని లక్ష్యం. పదేళ్లు గడిచేసరికి సంఖ్య తగ్గకపోగా పెరిగింది. 2015 నవంబరులో సియాటిల్ మేయర్ ఎడ్ మర్రే, కౌంటీ అధిపతి డౌ కాన్‌స్టంటైన్ కలిసి ఇల్లు లేనితనాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటించారు. సాధారణంగా వరదలకు, భూకంపాలకు చేసే ప్రకటన అది.

ఆ తర్వాత జరిగిన సమీక్షలన్నీ ఒకే మాట చెప్పాయి. సియాటిల్‌ది ఒక దారి, కౌంటీది ఒక దారి, చిన్న నగరాలవి తలా ఒక దారి. ఒకే షెల్టరును నడిపే సంస్థ నలుగురికి నాలుగు రకాల నివేదికలు రాయాలి. సాయం కోసం వచ్చిన మనిషిని తలా ఒక ప్రశ్నావళితో అడిగిందే అడుగుతారు. దీన్ని చక్కదిద్దడానికి 2019 డిసెంబరులో సియాటిల్, కింగ్ కౌంటీ ఒప్పందం చేసుకుని ప్రాంతీయ ప్రాధికార సంస్థ ఒకటి ఏర్పాటు చేశాయి. దాని పేరు కింగ్ కౌంటీ రీజనల్ హోమ్‌లెస్‌నెస్ అథారిటీ. పాలక సంఘంలో పన్నెండు మంది. కౌంటీ నుంచి ముగ్గురు, సియాటిల్ నుంచి ముగ్గురు, మిగతా నగరాల సంఘం నుంచి ముగ్గురు, స్వయంగా ఇల్లు లేక బతికిన అనుభవం ఉన్నవారి తరఫున ముగ్గురు. ఈ చివరి ముగ్గురికీ మేయర్లతో సమానంగా కుర్చీ వేయడం ఈ ఒప్పందంలోని గొప్ప సంగతి. వీధిలో పడుకున్న మనిషికి షెల్టరు తలుపు ఏ గంటకు తెరవాలో తెలిసినట్టు అధికారికి తెలియదు.

లోపం ఒప్పంద పత్రంలోనే ఉంది. ఈ సంస్థకు పన్ను వేసే అధికారం లేదు, అప్పు తెచ్చే అధికారమూ లేదు. సియాటిల్, కౌంటీ ఏటా తమ బడ్జెట్లలోంచి ఇచ్చే డబ్బుకు తోడు కేంద్ర, రాష్ట్ర నిధులే దానికి ఆధారం. మొదట్లో సియాటిల్ వాటా ఏడాదికి ఏడు కోట్ల డాలర్ల పైన, కౌంటీది ఐదు కోట్ల పైన. మిగతా 38 నగరాలకు పాలక సంఘంలో ఓటు ఉంది కానీ, డబ్బు పెట్టి తీరాలన్న నియమం లేదు. ఇష్టమైతే చేరవచ్చు. ఉత్తరాన ఉన్న ఐదు నగరాలు, షోర్‌లైన్, బోథెల్, కెన్మోర్, లేక్ ఫారెస్ట్ పార్క్, వుడిన్‌విల్ తమ చిన్న చిన్న మొత్తాలను కలిపి ఆ సంస్థ చేతికిచ్చాయి. ఐదు నగరాల సిబ్బంది ఐదు ఒప్పందాలు రాసుకునే శ్రమ పోయింది. మిగతా ప్రాంతం దూరంగానే ఉండి చూసింది.

2021లో మొదటి అధిపతిగా వచ్చిన మార్క్ డోన్స్ ముందు మోయలేనంత పని ఉంది. సిబ్బందిని అప్పుడే నియమించుకుంటూ, సియాటిల్, కౌంటీల నుంచి వచ్చిపడిన వందల ఒప్పందాలను సర్దుకోవాలి. స్వచ్ఛంద సంస్థలు ముందు ఖర్చు పెట్టి, తర్వాత బిల్లు పెట్టుకుని డబ్బు తీసుకునే పద్ధతి అక్కడిది. బిల్లులు నెలల తరబడి ఆగిపోతే చిన్న సంస్థలు నిల్వలు కరిగించి, అప్పు తెచ్చి జీతాలిచ్చాయి. సియాటిల్ నడిబొడ్డున గుడారాలు లేకుండా చేయాలని 2022 ఫిబ్రవరిలో ఒక కోటి డాలర్ల దాతల సొమ్ముతో ప్రకటించిన కార్యక్రమం 2023 సెప్టెంబరులో మూతపడింది. అందరికీ ఇల్లు దొరకాలంటే ఎంత కావాలో ఆ సంస్థ లెక్కగట్టి 2023 మొదట్లో బయటపెట్టినప్పుడు, ఆ అంకె వందల కోట్ల డాలర్లలో ఉండటం చూసి నగరాల నాయకులు ఉలిక్కిపడ్డారు. అంకె తప్పని ఎవరూ నిరూపించలేదు. ఎవరు ఇస్తారన్నదే ఎవరూ చెప్పలేదు. ఆ మే నెలలో డోన్స్ రాజీనామా ప్రకటించారు.

2024లో సియాటిల్ తన డబ్బులో కొంత వెనక్కి తీసుకుంది. వీధుల్లో తిరిగి మనుషులను కలిసే పని, ఇల్లు కోల్పోకుండా ముందే ఆదుకునే పని మళ్లీ నగరమే చూసుకోవడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఒప్పందాన్ని తిరగరాశారు. పాలక సంఘంతో పాటు మరో మండలి కూడా ఉండే ఏర్పాటు తీసేసి, ఎన్నికైన నాయకులకు పట్టు పెంచారు. డబ్బు ఇచ్చేవాడే చివరి మాట చెబుతాడన్నది ఒప్పందంలో రాయకపోయినా నడిచిన నియమం. బాధ్యత ఒకరికి, సంచి మరొకరికి ఇచ్చిన ఏర్పాటు ఎక్కువ కాలం నిలబడటం కష్టం.

సరస్సుకు తూర్పున

లేక్ వాషింగ్టన్ సరస్సుకు తూర్పున ఉన్న నగరాల కథ కొంచెం వేరు. బెల్‌వ్యూ, రెడ్మండ్, కర్క్‌లాండ్, సమామిష్, ఇసక్వాలు ఆ వరుసలోవి. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం రెడ్మండ్‌లో ఉంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వైపుల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడింది కూడా ఈ ఊళ్లలోనే. వాళ్లు కట్టే ఆస్తి పన్ను, కొనే సరుకు మీద పడే పన్ను ఈ పద్దుల్లోకే చేరుతుంది. షెల్టర్ల మీద జరిగే బహిరంగ విచారణలకు వాళ్ల ఇళ్లకూ నోటీసులు వస్తాయి.

ఇక్కడి నగరాలు 1992లోనే ఎ రీజనల్ కొయలిషన్ ఫర్ హౌసింగ్ అనే కూటమి కట్టాయి. ఇందులో బెల్‌వ్యూ వంటి పెద్ద నగరంతో పాటు, లోకంలోని మహా సంపన్నులు కొందరు ఇళ్లు కట్టుకున్న మెడీనా, హంట్స్ పాయింట్ వంటి బుల్లి నగరాలూ ఉన్నాయి. తలా కొంత ఉమ్మడి నిధిలో వేస్తారు. చౌక ఇళ్ల ప్రాజెక్టు ఏ నగరంలో మొదలైనా అందులోంచి సాయం వెళ్తుంది. వేల ఇళ్లు ఉన్న నగరానికి స్థలం ఉంటుంది, వందల ఇళ్లున్న నగరానికి స్థలం లేకపోయినా డబ్బు ఉంటుంది. ఈ రెండింటినీ కలపడమే ఆ కూటమి చేసిన మేలు. దక్షిణాన కెంట్, ఆబర్న్, రెంటన్ ప్రాంతపు నగరాలు 2019లో ఇలాంటిదే మొదలుపెట్టాయి. 2019లోనే వచ్చిన మరో చట్టం, రాష్ట్రానికి చెందాల్సిన అమ్మకపు పన్నులో కాస్తంత భాగాన్ని ఇరవై ఏళ్ల పాటు చౌక ఇళ్ల కోసం నగరాలకు వదిలేసింది. ఒక్కో చిన్న నగరానికి వచ్చేది ఒక ఇల్లు కట్టడానికి కూడా సరిపోదు. అందరిదీ ఒక్కచోట పోస్తే ఒక భవనానికి తోడ్పాటు అవుతుంది.

షెల్టర్ల విషయంలో బెల్‌వ్యూ, కర్క్‌లాండ్, రెడ్మండ్‌ల నడుమ కుదిరిన అవగాహనను ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన పనిగా చెప్పాలి. ఒంటరి పురుషుల షెల్టరు బెల్‌వ్యూలో. స్త్రీలకు, పిల్లలున్న కుటుంబాలకు కర్క్‌లాండ్‌లో. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల యువతకు రెడ్మండ్‌లో. మూడింటికీ డబ్బు ఇరుగుపొరుగు నగరాలన్నీ వేసుకుంటాయి. ఈ ఏర్పాటుతో, షెల్టరు కడితే అందరూ మన ఊరికే వచ్చిపడతారన్న భయానికి సమాధానం దొరికింది. పక్క ఊరు తన వంతు మోస్తోందని ప్రతి ఊరి కౌన్సిలరూ తన ఓటర్లకు చెప్పగలిగారు.

చెప్పినంత సులభంగా జరగలేదు. రెడ్మండ్‌లో యువతకు బస ఉంది, కర్క్‌లాండ్‌లో కొత్త భవనం 2020లో తెరుచుకుంది. బెల్‌వ్యూకు వచ్చిన ఒంటరి పురుషుల వంతే అందరికంటే కష్టం. ఏళ్ల తరబడి ఆ పురుషులు చర్చి నుంచి చర్చికి మారుతూ, చలికాలంలో తాత్కాలిక బసల్లో తలదాచుకున్నారు. ఈస్ట్‌గేట్ ప్రాంతంలో శాశ్వత షెల్టరు అనగానే చుట్టుపక్కల కుటుంబాలు పెద్దఎత్తున అభ్యంతరం చెప్పాయి. పిల్లల భద్రత గురించి వాళ్ల ఆందోళన నిజమైనదే. నగరం ఏళ్ల పాటు సభలు పెట్టి, షెల్టరు ఎలా నడవాలో నిబంధనలు రాసి, చివరికి 2023లో వంద మందికి సరిపోయే భవనం తెరిచింది. పక్కనే సహాయక సిబ్బందితో కూడిన శాశ్వత ఇళ్లు, తక్కువ ఆదాయం వాళ్ల అపార్ట్‌మెంట్లు కూడా లేచాయి.

ఒక నగరం కాదన్నది మరో నగరం అందుకున్న సందర్భమూ ఉంది. 2024 జనవరిలో కెన్మోర్ కౌన్సిల్, ప్లిమత్ హౌసింగ్ అనే సంస్థ తమ నగర స్థలంలో కట్టబోయిన వంద ఇళ్ల భవనాన్ని ఒక్క ఓటు తేడాతో తిరస్కరించింది. అప్పటికే దాని కోసం రాష్ట్రం, కౌంటీ, ఇరుగుపొరుగు నగరాల నిధులు సిద్ధంగా ఉన్నాయి. నెల తిరక్కుండా రెడ్మండ్ తన స్థలం ఇవ్వడానికి ముందుకొచ్చింది. అక్కడా నిరసనలు జరిగాయి. ఉమ్మడి నిధి ఉండబట్టే డబ్బు చేజారిపోకుండా కొన్ని మైళ్ల అవతల ఉన్న నగరానికి చేరగలిగింది.

దక్షిణాన కథ మరోలా నడిచింది. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలంలో, సియాటిల్ నడిబొడ్డున కిక్కిరిసిన షెల్టరు నుంచి రెండు వందల మందికి పైగా మనుషులను కౌంటీ రెంటన్ నగరంలోని రెడ్ లయన్ హోటల్‌కు మార్చింది. ఒక్కొక్కరికీ ఒక గది, తాళం, స్నానాల గది. విశ్వవిద్యాలయ పరిశోధకులు చూస్తే కరోనా వ్యాప్తి తగ్గడమే కాదు, గొడవలు తగ్గాయి, నిద్ర, ఆరోగ్యం మెరుగయ్యాయి. రెంటన్‌కు మాత్రం ముందు ఎవరూ మాట చెప్పలేదన్న కోపం మిగిలింది. అత్యవసర సేవల మీద భారం పెరిగిందని, దుకాణాలు ఇబ్బంది పడ్డాయని నగరం అంది. ఆ డిసెంబరులో కౌన్సిల్ కొత్త నిబంధనలు తెచ్చి, ఆ హోటల్ నుంచి వాళ్లు గడువులోగా వెళ్లిపోయేలా చేసింది. మనుషులకు మేలు చేసిన పని పొరుగు నగరాన్ని అడగకుండా చేసినందువల్ల నిలవలేదు. కౌంటీ ఈ అనుభవం నుంచే, ఇంతకు ముందు చెప్పిన 0.1 శాతం పన్నుతో ఆబర్న్, ఫెడరల్ వే, రెడ్మండ్, కర్క్‌లాండ్ వంటి చోట్ల హోటళ్లు కొని ఇళ్లుగా మార్చే కార్యక్రమం చేపట్టింది.

రోజువారీ సమన్వయం

రోజువారీ పనిలో సమన్వయం బయటికి కనిపించని పని. పలు నగరాలు కలిసి స్వచ్ఛంద సంస్థల కోసం ఒకే దరఖాస్తు పద్ధతి పెట్టాయి. ఫుడ్ బ్యాంకు నడిపే సంస్థ ఒకసారి రాస్తే తనకు కావలసిన నగరాలన్నిటికీ అదే చేరుతుంది. కొన్నిచోట్ల ఒక నగరం ముందుండి అందరి తరఫున ఒప్పందం, తనిఖీ చూసుకుంటుంది.

సాయం కోరి వచ్చిన మనిషి వివరాలు, అతని అనుమతితో, కౌంటీ అంతటికీ ఉమ్మడిగా ఉన్న కంప్యూటర్ పద్దులో చేరతాయి. ఖాళీ అయిన ఇల్లు ఎవరికివ్వాలన్నది ఆ జాబితాను బట్టే తేలుతుంది. ముందు వచ్చినవాడికి కాదు, ఎక్కువ ఆపదలో ఉన్నవాడికి. ఆపదను కొలవడానికి ఒకప్పుడు దేశమంతా వాడిన ప్రశ్నావళిలో నల్లజాతివాళ్లకు తెల్లవాళ్లకంటే తక్కువ మార్కులు వస్తున్నాయని బయటపడ్డాక కింగ్ కౌంటీ దాన్ని పక్కన పెట్టింది. ఎంత మంచి జాబితా అయినా ఇళ్లను పుట్టించలేదు. నెలకు వేళ్లమీద లెక్కపెట్టే ఇళ్లు ఖాళీ అయ్యే చోట, వేల పేర్ల జాబితా న్యాయంగా నడిచినా చాలామందికి దక్కేది ఎదురుచూపే.

ఇతర మహానగరాలు

డబ్బు సంచి ఉమ్మడిగా ఉంటే ఏమవుతుందో పక్క రాష్ట్రం ఆరెగాన్‌లో చూడవచ్చు. పోర్ట్‌లాండ్ చుట్టూ ఉన్న మూడు కౌంటీలకు మెట్రో అనే ఎన్నికైన ప్రాంతీయ ప్రభుత్వం ఉంది. 2020 మే నెలలో అక్కడి ఓటర్లు ఒక పన్నుకు సమ్మతించారు. ఒంటరి వ్యక్తి ఆదాయం 1,25,000 డాలర్లు, దంపతుల ఆదాయం 2,00,000 డాలర్లు దాటితే ఆ పైమొత్తం మీద ఒక శాతం. 50 లక్షల డాలర్లకు పైగా వ్యాపారం చేసే కంపెనీల లాభాల మీద మరో శాతం. వచ్చిన సొమ్మును మల్ట్‌నోమా కౌంటీకి 45.3, వాషింగ్టన్ కౌంటీకి 33.3, క్లాకమస్ కౌంటీకి 21.3 శాతం చొప్పున పంచుతారు. అందులో నాలుగింట మూడు వంతులు చాలాకాలంగా ఇల్లు లేనివాళ్లకే అన్న నియమమూ ముందే రాసుకున్నారు. మొదటి ఏళ్లలో పన్ను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది. దాన్ని ఖర్చు పెట్టగల సిబ్బంది, సంస్థలు కౌంటీల దగ్గర లేక డబ్బు పోగుపడింది. వీధిలో గుడారాలు, బ్యాంకులో నిధులు కలిసి పెరగడం చూసి జనం కోపగించుకున్నారు. అయినా ఏటేటా ఎవరినీ బతిమాలుకోనవసరం లేని రాబడి ఉండటం వల్ల అద్దె సాయం వేల కుటుంబాలకు అందింది.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో నగరాలు 88. నగరమూ కౌంటీ కలిసి 1993లోనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. లాంగ్ బీచ్, పాసడీనా, గ్లెండేల్ నగరాలు మాత్రం కేంద్ర నిధుల కోసం తమ కూటములు తామే నడుపుకుంటాయి. 2017లో ఓటర్లు పదేళ్లకు పావు శాతం అమ్మకపు పన్ను ఇచ్చారు. 2024 నవంబరులో దాని స్థానంలో గడువు లేని అర శాతం పన్ను ఇచ్చారు. చిన్న నగరాలకు నేరుగా వాటా అందే ఏర్పాటు ఈసారి చేర్చారు. అంతలోనే, ఉమ్మడి సంస్థ లెక్కలు సరిగా లేవన్న విమర్శలతో 2025 ఏప్రిల్‌లో కౌంటీ తన 30 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును దాని నుంచి తీసి సొంత శాఖ పెట్టుకోవాలని నిర్ణయించింది. సియాటిల్‌లో జరిగిందే మరింత పెద్ద ఎత్తున అక్కడ జరిగింది.

కోర్టు, కేంద్రం

నగరాలను కలిపి ఉంచిన ఒక న్యాయసూత్రం ఇటీవల సడలింది. 2018లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, షెల్టరులో చోటు లేనప్పుడు బయట పడుకున్నందుకు శిక్షించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ కోర్టు పరిధిలోని పడమటి రాష్ట్రాల నగరాలన్నిటికీ అది వర్తించేది. గుడారాలు తీయించాలంటే ముందు మంచాలు ఉండాలి, మంచాలు కావాలంటే పొరుగువాళ్లతో కలవాలి. 2024 జూన్‌లో ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ నగరం కేసులో సుప్రీంకోర్టు ఆరుగురు-ముగ్గురు తేడాతో ఆ సూత్రాన్ని కొట్టేసింది. ఇప్పుడు చోటు ఉన్నా లేకపోయినా నగరం నిషేధం పెట్టవచ్చు.

అంతకు ముందే సియాటిల్‌కు దక్షిణాన ఉన్న చిన్న నగరం బురియన్ ఆ దారి పట్టింది. 2023లో కౌంటీ ఆ నగరానికి పది లక్షల డాలర్లు, 35 చిన్న ఇళ్లు ఇస్తానంది. స్థలం ఎక్కడన్న దగ్గర కౌన్సిల్ నెలల తరబడి వాదించుకుంది. ఈలోగా ఇల్లు లేనివాళ్లు ఒక స్థలం నుంచి మరో స్థలానికి, లైబ్రరీ వెనక నుంచి రోడ్డు పక్కకు మారుతూ వచ్చారు. నగరం గుడారాల మీద నిషేధం బిగించింది. బురియన్‌కు సొంత పోలీసులు లేరు, కౌంటీ షెరీఫ్ శాఖతో ఒప్పందం మీద నడుస్తుంది. ఆ నిషేధం రాజ్యాంగబద్ధమో కాదో తేలాలంటూ 2024 మార్చిలో షెరీఫ్ శాఖ కోర్టుకెళ్లింది. పొరుగు నగరాలన్నీ వంతులవారీగా నిషేధాలు పెట్టుకుంటూ పోతే మనుషులు మాయం కారు. నిషేధం ఇంకా పెట్టని చివరి నగరానికి చేరతారు, ఖర్చంతా దాని నెత్తిన పడుతుంది.

పై నుంచి వచ్చే డబ్బు కూడా ఇప్పుడు నిలకడగా లేదు. 2025 మే నెలలో కేంద్రం గ్రాంట్లకు పెట్టిన కొత్త షరతులను సవాలు చేస్తూ కింగ్ కౌంటీ ఇతర స్థానిక ప్రభుత్వాలతో కలిసి దావా వేసింది. జులైలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు, ముందు ఇల్లు ఇచ్చి తర్వాత చికిత్స చూసుకునే విధానానికి కేంద్రం మద్దతు ఆపాలని చెప్పింది. నవంబరులో గృహనిర్మాణ శాఖ, ఈ నిధుల్లో శాశ్వత ఇళ్లకు 30 శాతం మించకూడదని ప్రకటన ఇవ్వడంతో పలు రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు కోర్టు తలుపు తట్టాయి. కౌంటీ మొత్తానికి దరఖాస్తు ఒక్కటే కాబట్టి కోత పడితే అది సియాటిల్‌కో రెంటన్‌కో విడిగా పడదు. కేంద్ర సాయంతో అద్దె కట్టుకుంటూ ఏళ్లుగా ఇంట్లో ఉంటున్న వాళ్లు 39 నగరాల్లో ఎక్కడున్నా ఆ ఇల్లు నిలబెట్టడానికి స్థానికంగా డబ్బు వెతకాలి, ఆ పని పన్ను వేసే అధికారం ఉన్న నగరాలూ కౌంటీయే చేయాలి.